పక్కకి పడ్డ బొట్టు

రెండువేల పద్నాలుగో సంవత్సరం, జూన్ నెల మొదటి ఆదివారం, పగలు పదకొండు దాటింది. పదకొండింటికి కరెంటు పోయింది, పోయిన కాసేపటికి ఇది జరిగింది, అందుకని ఆ గంట నాకు గుర్తు. రాత్రి కాదు, చీకటి కాదు. రాయపూర్‌లో జూన్ ఎండ ఎలాగుంటుందో ఎరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. మా వరండాలో గచ్చు మీద చీమ నడిచినా కనిపించేంత వెలుతురు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. దెయ్యాలూ భూతాలూ నాకు పడవు. రైలుకట్ట పక్కన పెరిగిన మనిషిని. పట్టాల మీద పోయినవాళ్లని చూసేను. మా వీధిలో పోయిన ఆడవాళ్లకి ఆఖరి నీళ్లు పోసింది చాలాసార్లు నేనే. ఒక్కరూ లేచొచ్చి నాతో మాట్లాడలేదు. కాలనీలో ఎవరికైనా పూనిందని చెప్పడానికి వస్తే, "ముందు దానికి కడుపునిండా కూడు పెట్టండి, అదే దిగుతుంది" అని మొహం మీదే అనేదాన్ని. ఇప్పుడూ అదే అంటాను.

ఇంకొకటి. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఏడో ఏట, కాలనీలో ఆడవాళ్లకి సాయంత్రం పూట పెట్టిన బడిలో. అంతవరకూ వేలిముద్రే. నా రాత నెమ్మది. అల్లి చెప్పడం నాకు రాదు, జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది శ్రీకాకుళం వైపు. మా నాన్న రైలు పెట్టెలు బాగుచేసే కార్ఖానాలో ఖలాసీ పనికని రాయపూర్ వచ్చేడు. మా అమ్మ అసిరమ్మ ఆయనతో వచ్చింది. నాకు ఏడాది నిండిందో లేదో, జ్వరం తగిలి పోయింది. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు కూడా ఉండవంటారు. నన్ను చూసుకోడానికి అమ్మ చెల్లెలు లచ్చమ్మని ఊరి నుంచి తీసుకొచ్చేరు. కొన్నాళ్లకి నాన్న ఆమెనే చేసుకున్నాడు. మావాళ్లలో అది మామూలే. నాకు పిన్నన్నా తల్లన్నా ఆమే. నన్ను కొట్టింది, పెట్టింది, పెంచింది.

మా అమ్మకి ఫోటో లేదు. ఖలాసీ పెళ్లానికి ఆ రోజుల్లో ఫోటో ఎవరు తీస్తారు?

నా పెళ్లి కుదిరినప్పుడు అదే చిక్కయ్యింది. తల్లి లేని పిల్ల, పీటల మీద కూర్చునే ముందు తల్లి ఫోటోకి దండం పెట్టాలి అని పెద్దవాళ్లు పట్టుబట్టేరు. నాన్న స్టేషన్ దగ్గర స్టూడియోకి వెళ్లి అడిగితే, ఆ స్టూడియో మనిషి, "పోలిక ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే కూర్చోబెట్టండి, తీసేస్తాను" అన్నాడట. మా పిన్నికి అమ్మ చీర కట్టి, అమ్మ పూసల దండ వేసి, కుర్చీలో కూర్చోబెట్టేరు. ఫోటో, ఫ్రేము, అద్దం అన్నీ అక్కడే.

ఇప్పటి పిల్లలు దీన్ని మోసం అంటారు. అప్పుడు ఎవరూ అనుకోలేదు. మా కాలనీలో ఇంకా రెండు మూడు ఇళ్లల్లో ఇలాగే చేసేరు. దండేసుకుని గోడ మీదున్న ముసలమ్మ ఫోటోలో కూర్చున్నది ఆ ముసలమ్మ చెల్లెలో, కూతురో. చచ్చిపోయినవాళ్లకి ఒక మొహం కావాలి కదా, దండం పెట్టుకోడానికి.

ఆ ఫోటో మా పుట్టింటి గోడకెక్కింది. నాన్న పోయేక నా దగ్గరకొచ్చింది. ఏటా అమ్మ తద్దినానికి పిన్ని వచ్చి, అద్దం తుడిచి, బొట్టు పెట్టి, దండేసేది. బతికున్న మనిషి ఫోటోకి దండ వెయ్యకూడదంటారు. పిన్ని నవ్వేది.

"నా ఫోటోకి నేనే దండేసుకుంటన్నాను. యముడి బంట్లు వొచ్చి గోడ మీద చూసి, ఇది ఎప్పుడో పోయిందిరా అని ఎనక్కి ఎలిపోతన్నారు. అందుకే ఇన్నేళ్లు బతికేను."

నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. అమ్మ మొహం ఎలా ఉండేదో తెలుసుకోవాలని చిన్నప్పటి నుంచీ ఒక్కటే యావ నాకు. ఆ ఫోటోని ఎన్నిసార్లు చూసినా పిన్నే కనిపించేది. పెళ్లి పీటల మీద కూడా పిన్ని పక్కన నిలబడి ఉంటే, ఎదురుగా పిన్ని ఫోటోకి దండం పెట్టేను. అమ్మ ఎలాగుండేదని అడిగితే పిన్ని, "నాలాగే, నాకన్నా కొంచెం చామన" అనేది. అక్కడితో ఆపేసి వేరే పని చూసుకునేది.

ఇక బొట్టు సంగతి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

ఆ ఫోటోకి ఎవరు బొట్టు పెట్టినా సరిగ్గా పడేది కాదు. కనుబొమల మధ్య పెడుతున్నాం అనుకునే పెట్టేవాళ్లం. వెనక్కి జరిగి చూస్తే బొట్టు పైకి పోయి, పక్కకి జరిగి, పాపిడి అవతల జుట్టు మీద ఉండేది. మొదట్లో పిన్ని తనే పెట్టి తనే విసుక్కునేది. తరవాత నేను పెట్టేను. నాకూ అంతే. ఆ తరవాత మా కోడలు రమణ వచ్చింది. దుర్గ్ పిల్ల, పని ఒద్దిగ్గా చేస్తుంది, ముగ్గేస్తే గీత చెదరదు. దానికీ అంతే.

"కళ్లెక్కడ పెట్టుకున్నావే? నా నెత్తి మీద పెడతావేటి బొట్టు?" అని పిన్ని తిట్టేది.

"సరిగ్గానే పెట్టేను తాతమ్మా, మీరు చూడలేదా?" అని రమణ కళ్లనీళ్లు పెట్టుకునేది. దాని పిల్లలు పిన్నిని తాతమ్మ అంటారు, అదీ అలాగే పిలుస్తుంది.

నేను కూడా తిట్టేను దాన్ని. అబద్ధం ఎందుకు.

మా ఆయన ఫిట్టరు. ఆయన బతికున్నప్పుడు ఒకసారి స్టూలెక్కి ఫ్రేము చూసి, అద్దం కదలడం లేదన్నాడు. కింద నుంచి చెయ్యి ఎత్తి పెడితే చెయ్యి పైకి పోతుంది, అంతే అన్నాడు. సరే అనుకున్నాం. ఏళ్ల తరబడి నూనె కలిపిన కుంకం అక్కడే పడి పడి, ఎంత తుడిచినా పోని ఎర్రటి ముద్ర ఒకటి అద్దం మీద ఉండిపోయింది. పావలా బిళ్లంత.

ఇప్పుడు ఆ ఏడు సంగతి.

మా మనవరాలు హేమ ఉర్లాలో ఒక కంపెనీ ఆఫీసులో పని చేస్తుంది. దానికి వంశవృక్షం చెయ్యాలని పట్టుకుంది. మా ఆయన ఇనప పెట్టె తెరిస్తే, అడుగున పాత యూనిఫారం కింద ఒక ప్లాస్టిక్ సంచీ నిండా ఫోటోలు దొరికేయి. ఏనాడూ చెప్పలేదు ఆ మనిషి. పెళ్లిళ్లవి, ఫుట్‌బాల్ టీముది, రిటైరైన ఫోర్‌మెన్‌కి దండ వేస్తున్నవి. కొన్ని ఒకదానికొకటి అంటుకుపోయేయి. కొన్నిటికి వెండిపురుగు మూలలు తినేసింది.

హేమ ఆఫీసు నుంచి వచ్చేక రోజూ వాటి ముందు కూర్చునేది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, అంచులు పట్టుకుని తియ్యాలి. మొహాల మీద వేలు పెడితే చంపేస్తుంది. అంటుకున్నవాటిని లాగొద్దంది. పాత ఆల్బంలో గమ్ము టేపు వేసిన నాకు బాగా చీవాట్లు పడ్డాయి. ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి ఎక్కించి, అసలు ఫోటోని తెల్ల కాయితంలో చుట్టి డబ్బాలో పెట్టేది. వెనక పేరు రాయడం నా పని. బాల్‌పెన్ను కాదు, మెత్తటి పెన్సిలు, నొక్కకుండా రాయాలి. నాకు నొక్కి రాయడం అలవాటు. నొక్కకుండా రాయడం డెబ్బయ్యో ఏట నేర్చుకున్నాను.

గోడ మీద పెద్ద చార్టు అంటించి అందులో గళ్లు గీసింది. ఒక్కో గడిలో ఒక్కో మొహం, కింద నా చేతి రాతతో పేరు. చూడ్డానికి బాగానే ఉంది.

ఒకరోజు ముందుగదిలో ఫోటో దించడానికి స్టూలేసింది. "తాతమ్మ వాళ్ల అక్క ఫోటో ఇదొక్కటే కదా, స్కాన్ చేసి నీ పైన గడిలో పెడతాను" అంది.

"అది మా అమ్మ కాదు" అన్నాను.

స్టూలు మీద అలాగే నిలబడిపోయింది. దానికి చెప్పేను, పైన రాసినదంతా. నమ్మలేదు. వాళ్లమ్మ వైపు చూసింది. రమణ తల ఊపింది.

"మరి ఇన్నేళ్లు తద్దినం ఎవరికి పెట్టేరు?"

"మా అమ్మకే. మొహం పిన్నిది, పేరు అమ్మది."

"ఇప్పుడు నీ పైన ఏం పెట్టను?"

"ఖాళీగా వొదిలీ."

"ఖాళీ ఎలా వదులుతాను నాన్నమ్మా? నీ పైన ఖాళీ ఉంటే నువ్వు ఆకాశంలోంచి ఊడిపడినట్టుంటుంది."

"అలాగే పెరిగేను" అన్నాను.

ఆ రాత్రి అది అన్నం సరిగ్గా తినలేదు. నేనూ తినలేదు. నోటితో ఖాళీగా వదిలెయ్యమనడం తేలికే. మర్నాడు పొద్దున్న చార్టు ముందు నిలబడి చూసేను. అందరి మీదా మొహాలున్నాయి. మా ఆయనకి అమ్మా నాన్నా తాతా కూడా ఉన్నారు. నా పేరు మీద తెల్లటి గడి. డెబ్బయ్యేళ్ల మనిషిని, నాకప్పుడు ఏడుపొచ్చింది. ఎవరూ చూడలేదు.

హేమ ఒక తీర్మానానికొచ్చింది. ఆ ఫోటో ఎవరిదో వాళ్ల గడిలోనే, అంటే లచ్చమ్మ గడిలోనే పెట్టాలి. దానికి పిన్నిని ఒక మాట అడగాలి. పాత ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటుంది కాబట్టి ఫ్రేము ఇంట్లో విప్పకూడదు, తెలిసినవాళ్ల చేత విప్పించాలి. మా బజార్లో ఫ్రేముల కొట్టు సాహూకి చెప్పి, ఆదివారం రమ్మంది.

పిన్ని టాటీబంధ్‌లో మా తమ్ముడు అప్పారావు దగ్గర ఉండేది. అప్పారావు పిన్ని కొడుకు. ఆదివారం ఆటోలో తీసుకొచ్చేడు. ఎనభై దాటిన మనిషి. ఒక కంటికి ఆపరేషన్ అయ్యింది, రెండో కంటికి శుక్లం ముదిరింది. చేతిలో ఎప్పుడూ ఉండే నల్ల గొడుగు. మా అబ్బాయి ఆ రోజు సిల్తారాలో డూటీకి పోయేడు, ఇంట్లో లేడు.

పిన్నిని అడిగితే, "ఓలమ్మ, ఇన్నాళ్లకి నన్ను నేనుగా పెడతారా? పెట్టండి, పెట్టండి. కానీ బొట్టు పెట్టకండి, యముడికి తెలిసిపోద్ది" అంది. అందరం నవ్వేం.

పదకొండింటికి కరెంటు పోయింది. కూలరు ఆగిపోయింది. లోపల ఉండలేక అందరం వరండాలోకొచ్చేం. పిన్నికి మంచం వేసేం. ఎండ కాళ్ల మీద పడుతోందని ఆమె గొడుగు విప్పి మంచం పక్కన అడ్డంగా పెట్టుకుంది.

సాహూ గచ్చు మీద కూర్చుని వెనక మేకులు తీసేడు. అట్ట తీసేడు. ఫోటో ఒక మూల మాత్రం అద్దానికి పట్టుకుంది. పల్చటి బ్లేడుతో నెమ్మదిగా విడదీసేడు. చిరగకుండా మొత్తం వచ్చింది. హేమ ఊపిరి వదిలి, దాన్ని కాయితాల మధ్య పెట్టుకుంది. సాహూ అద్దాన్ని రమణ చేతికిచ్చి పక్కన పెట్టమన్నాడు. గచ్చు మీద పెడితే ఎవరైనా తొక్కుతారని రమణ దాన్ని పిన్ని గొడుగుకి ఆనించింది.

ఆనించి, వెనక్కి జరిగి, "అత్తా" అంది.

నేను చూసేను. నల్ల గొడుగు మీద ఆ అద్దంలో ఒక ఆడమనిషి మొహం ఉంది.

చలికాలం అద్దం మీద ఊపిరి వదిలితే మసక పడుతుంది చూడండి, ఆ రంగు. బూడిద తెలుపు. వయసులో ఉన్న పిల్ల. నిటారుగా మన వైపే చూస్తోంది. ముక్కుకి రెండు పక్కలా పుడకలు. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు. నవ్వడం లేదు. ఎవరో పిలిస్తే పని ఆపి తలెత్తినట్టుంది.

సాహూ "ఏం లేదు అమ్మా, మరక, ఇప్పుడే పోతుంది" అని హిందీలో అంటూ తన గుడ్డకి స్పిరిటు రాసి రెండు వైపులా రుద్దేడు. మురికి పోయింది. మొహం పోలేదు. ఇంకా తేటగా వచ్చింది. అప్పుడు గుడ్డ పక్కన పెట్టేసి కొంచెం దూరం జరిగి కూర్చున్నాడు.

హేమ చదువుకున్నది. గాబరా పడలేదు. "ఫోటో ఏళ్ల తరబడి అద్దాన్ని ఆనుకుని ఉంటే దాని నీడ అద్దం మీద పడుతుంది నాన్నమ్మా, ఇది తాతమ్మ నీడే" అంది. మాకూ బానే ఉందనిపించింది. పోల్చి చూద్దామని ఫోటో తెచ్చి పక్కన పట్టుకుంది.

కలవలేదు. ఫోటోలో పిన్ని మొహం పెద్దది, కొంచెం పక్కకి తిరిగి ఉంది. అద్దంలో మొహం చిన్నది, పైకుంది, నిటారుగా ఉంది. పిన్ని ముక్కుకి ఒక్క పుడకే. పిన్నికి పచ్చబొట్టు లేనే లేదు. హేమ అటూ ఇటూ రెండు మూడుసార్లు చూసి, ఫోటో కిందకి దించింది.

"ఏటే, అందరూ నోళ్లు మూసీసినారు? పగిలిపోయిందేటి?" అంది పిన్ని. ఆమె మంచం మీద ఉంది, అద్దం గొడుగుకి అవతలి వైపుంది. ఆమెకి కనిపించే వీల్లేదు. కనిపించినా ఆ కళ్లకి ఆనదు.

అప్పారావు చెప్పేడు. "ఏం లేదమ్మా. అద్దం మీద ఎవరో ఆడమనిషి మొహంలా ఉంది."

మొహంలా ఉంది అన్నాడు, అంతే. పుడకలు చెప్పలేదు, పచ్చబొట్టు చెప్పలేదు. మేమెవ్వరం చెప్పలేదు. దీని గురించి తరవాత అందర్నీ విడివిడిగా అడిగేను.

పిన్ని లేచి కూర్చుంది. తరవాత అంది, "కుడి చెవి చూడండి. తమ్మె తెగి, రెండుగా ఏలాడతన్నాదా?"

హేమ వంగి చూసింది. మనకి ఎడమ చేతి వైపు, ఆమెకి కుడి. దగ్గరగా మొహం పెట్టి చూసింది. తలెత్తి, "అవును తాతమ్మా" అంది. నేనూ చూసేను. ఎడమ చెవికి కమ్మ ఉంది. కుడి చెవి తమ్మె కింద చీలి రెండు ముక్కలుగా ఉంది.

"అప్పే" అంది పిన్ని. అప్ప అంటే మా వైపు అక్క.

నాకు కోపమొచ్చింది. ఎందుకో తెలీదు. "ఇన్నేళ్లూ చెవి తెగిందని నాకెందుకు చెప్పలేదు?" అని గట్టిగా అడిగేను.

"ఎలాగ చెప్పనే పైడీ? ఆ చెవి తెంపింది నువ్వే. పాలు తాగతా కమ్మ పట్టుకుని లాగీసినావు. రగతం కారతంటే కూడా అప్ప నిన్ను కింద పెట్టలేదు, నువ్వు తాగీదాకా అలాగే కూకుంది. ఆ పుండు మానకముందే జొరం వొచ్చింది. జొరానికీ చెవికీ ఏటీ సంబంధం లేదని డాక్టరు చెప్పినాడు. అయినా నీకు చెప్తే, నావల్లే పోయిందని ఏడుస్తావు. అందుకని చెప్పలేదు."

నేను ఏడవలేదు. నాకు మా అమ్మ గురించి ఏమీ గుర్తు లేదని అనుకుంటూ బతికేను. ఆమె మొహం మీద నా చేతి గుర్తు ఒకటుందని ఆ రోజు తెలిసింది. ఏడుపు కాదది, వేరే ఏదో. దానికి మాట నాకు తెలీదు.

అప్పుడు మాట్లాడింది రమణ. అంతవరకూ స్తంభం పట్టుకుని నిలబడింది. ముందుకొచ్చి, అద్దం వైపు వేలు చూపించి, నెమ్మదిగా అంది.

"అత్తా, బొట్టు సరిగ్గానే ఉంది."

ఎవరం చూడలేదు దాన్ని. మొహం చూసేం, చెవి చూసేం. ఆ ఎర్ర ముద్ర, సాహూ స్పిరిటుకి కూడా పోకుండా మిగిలిన ముద్ర, ఆ పిల్ల రెండు కనుబొమల మధ్య, సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. వెంట్రుకవాసి పక్కకి లేదు. పిన్ని పెట్టిందీ, నేను పెట్టిందీ, రమణ తిట్లు తింటూ పెట్టిందీ, ఏళ్ల తరబడి జుట్టు మీద పడిందనుకున్నదంతా అక్కడే పడింది.

ఎవరూ కేకలు వెయ్యలేదు, ఎవరికీ పూనలేదు. పిన్ని రమణని దగ్గరకి పిలిచి, చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకుంది. తిట్టినందుకు ఏమీ అనలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు. ఇంతలో కరెంటొచ్చి లోపల కూలరు ఒక్కసారి గర్రుమంది. అందరం ఉలిక్కిపడ్డాం. సాహూ ఐతే లేచి నిలబడిపోయేడు.

హేమ ఆ అద్దాన్ని గొడుగు మీద ఉండగానే ఫోన్లో ఫోటో తీసింది, తరవాత నల్ల గుడ్డ పరిచి మళ్లీ తీసింది.

ఇప్పుడు దీనికి నేను ఆలోచించిన కారణాలు.

స్టూడియోవాళ్లు పాత ఫ్రేముల్లో అద్దాలు తీసి కొత్తవాటికి వాడతారు. సాహూ కూడా వాడతాడు, అడిగితే ఒప్పుకున్నాడు. ఆ అద్దం అంతకుముందు ఇంకేదో ఫోటో మీద ఉండి ఉంటుంది, దాని నీడ పడి ఉంటుంది. ఫోటోల సంగతి తెలిసిన ఒకాయన్ని హేమ అడిగితే, అలా జరుగుతుందని, తుడిస్తే పోదని ఆయనా చెప్పేడట. సరే. తెల్ల కాయితం వెనకుంటే కనిపించదు, నలుపు ఉంటేనే కనిపిస్తుంది. అదీ సరే. కానీ అందులో ఉన్నది మా అమ్మ ఐతే, ఆమెకి ఎవరు ఫోటో తీసేరు? అమ్మ ఒక్కనాడూ కెమెరా ముందు నిలబడలేదని నాన్న చెప్పేవాడు, పిన్ని చెప్పేది. ఐనా ఆ దారి నేను మూసెయ్యను. స్టేషన్ దగ్గర నీళ్లకి వెళ్లేదట. ఎవరో కెమెరావాడు పిలిచి తీసుకుని ఉండొచ్చు. పని ఆపి తలెత్తినట్టే ఉంది కదా మొహం. మా ఇంట్లో చెప్పకపోయి ఉండొచ్చు.

తీసేడనే అనుకుందాం. ఆ ఫోటో అద్దం, ఆమె పోయిన ఎన్నో ఏళ్లకి, ఊళ్లో ఇన్ని అద్దాలుండగా, ఆమె పేరు మీద చేయించిన ఫోటో మీదకే ఎలా వచ్చింది? స్టూడియో ఇప్పుడు లేదు, అక్కడ మొబైల్ కొట్టుంది. అడగడానికి మనిషి లేడు.

బొట్టుకి హేమ ఒక మాట చెప్పింది. మీకు తెలీకుండానే మీ కళ్లకి ఆ నీడ కొంచెం కనిపించి, చెయ్యి అటు పోయి ఉంటుంది అంది. కావచ్చు. సూదిలో దారం ఎక్కించలేని నా కళ్లకి కూడానా అన్నాను. అది నవ్వేసింది. నేను ఒప్పుకోలేదు, కాదనలేదు.

అమ్మ గడిలో ఇప్పుడు ఆ మొహం ఉంది. కింద పేరు నేనే రాసేను, నొక్కకుండా. అసలు అద్దాన్ని గోడకి పెట్టలేదు. హేమ చెక్క పెట్టె చేయించి, లోపల నల్ల గుడ్డ వేసి, నిలువుగా పెట్టించింది. తద్దినం రోజున తీసి చూస్తాం. దానికి మళ్లీ బొట్టు పెట్టలేదు. ఉన్నదే చాలు.

పిన్ని ఆ తరవాత మూడేళ్లకి పోయింది. నిద్రలోనే పోయింది. ఆమె ఫోటోకి సాహూ కొత్త అద్దం వేసేడు. మొదటిసారి ఆమెని ఆమెగా గోడకి పెట్టేం. బొట్టు రమణే పెట్టాలన్నాను. పెట్టి, వెనక్కి జరిగి చూసింది. నేనూ చూసేను. కనుబొమల మధ్య సరిగ్గా పడింది. పిన్నికి అన్నేళ్లలో అదే మొదటి బొట్టు అనుకుంటాను. అంతకుముందు పెట్టినవేవీ ఆమెవి కావు.

దెయ్యాల్ని నమ్మను అన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. మా ఇంట్లో దెయ్యం లేదు. మరి ఉన్నదేమిటి అని అడిగితే చెప్పలేను. నాకు తెలీదు. తెలిసినట్టు నటించను.

నా మాట నమ్మనివాళ్లు అడగడానికి, ఆ రోజు ఆ వరండాలో ఎవరెవరున్నారో రాస్తున్నాను. నేను, పైడమ్మని. మా పిన్ని లచ్చమ్మ, ఇప్పుడు లేదు. మా తమ్ముడు అప్పారావు. మా కోడలు రమణ. మా మనవరాలు హేమ. ఫ్రేముల కొట్టు సాహూ, మావాడు కాదు, మాకోసం అబద్ధమాడే పని లేదు.

ఇంకా మా అమ్మ, అసిరమ్మ.